పాత చీరతో చిన్న బొంత కుట్టడం ఎలా? ఉబ్బకుండా, వంకర పోకుండా

బొంత గురించి నన్ను అడిగేవాళ్ళ ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "మధ్యలో ఉబ్బిపోయింది, ఏం చేయాలి?" "మూలలు కలవడం లేదు." "ఒక్క ఉతుక్కే లోపలి గుడ్డ ఉండలు కట్టింది." ఫొటో పంపమంటే పంపుతారు. కుట్టు మాత్రం చక్కగానే ఉంటుంది. లోపం కుట్టులో కాదు, కుట్టకముందు గుడ్డలు పరిచిన తీరులో ఉంటుంది. అందుకే ఇక్కడ సూది పట్టడం కంటే పరవడం, టాకాలు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్లు) వేయడం గురించే ఎక్కువ రాస్తున్నాను. ఓపిక అక్కడ పెడితే కుట్టు కాస్త వంకరగా వచ్చినా బొంత బాగానే ఉంటుంది.

మొదటిసారే మంచానికి సరిపడా బొంత మొదలుపెట్టకండి. సగంలో విసుగొచ్చి అటక మీదికి ఎక్కుతుంది. ఒక్క నూలు చీరతో అయిపోయే చిన్న బొంత కుడదాం. నాలుగు పొరలు, సుమారు 34 అంగుళాల వెడల్పు, 39 అంగుళాల పొడవు. పసిపిల్లల కింద పరవడానికి, సోఫా మీద వేసుకోవడానికి, ప్రయాణంలో కాళ్ళ మీద కప్పుకోవడానికి పనికొస్తుంది.

కావలసినవి

- బాగా కట్టి మెత్తబడిన నూలు చీర ఒకటి. ఆరు గజాల చీర అంటే 216 అంగుళాలు, దాదాపు 5.5 మీటర్లు. 36 అంగుళాల చొప్పున తీస్తే ఆరు ముక్కలు వస్తాయి. నాలుగు బొంతకు, రెండు అతుకులకు, ప్రయోగాలకు.
- ఎంబ్రాయిడరీ దారం లచ్ఛులు నాలుగు. యాంకర్ లాంటి ఆరు పోగుల దారం లచ్ఛి 8 మీటర్లు ఉంటుంది. మూడు పోగులతో కుడితే ఒక్కో లచ్ఛి 16 మీటర్లకు వస్తుంది. అంగుళానికో వరుస చొప్పున ఈ సైజుకు, ముళ్ళకూ చివరలకూ పోయేది కలుపుకుని, 45 మీటర్ల పైన పడుతుంది. మూడు లచ్ఛులు అటూ ఇటూగా సరిపోతాయి కానీ నాలుగూ ఒకేసారి కొనండి. తర్వాత వెళితే అదే రంగులో ఛాయ తేడా రావచ్చు.
- కాస్త పొడవుగా, కన్ను పెద్దగా ఉన్న సూది. గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు. పాత గుడ్డలో దబ్బనం చేసిన రంధ్రం పూడదు.
- టాకాలకు చవక మెషీన్ దారం, చీర రంగుకు కొట్టొచ్చినట్టు కనిపించేది.
- పిన్నీసులు ఓ ముప్పై, కత్తెర, టేపు, టైలర్ చాక్, నేలకు అంటించడానికి మాస్కింగ్ టేపు.
- వేలికి తొడుక్కునే అంగుస్తానా. లేకపోతే మధ్యవేలికి రెండు చుట్లు మెడికల్ టేపు చుట్టుకోండి.

పట్టు, జార్జెట్, పాలిస్టర్ వద్దు. అవి పొరల మధ్య జారతాయి, పాలిస్టర్ అయితే చెమట కూడా పీల్చదు. సిల్కు చీర దాచుకోవాలనుంటే దానికి వేరే దారులున్నాయి, బొంత కాదు.

1. చీరను సిద్ధం చేయడం

ఫాల్ విప్పండి. పికో చేసిన అంచులు కత్తిరించండి. గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరేయండి. గంజి ఉన్న గుడ్డలో సూది మొరాయిస్తుంది. పైగా ఇప్పుడు బిర్రుగా ఉన్నది మొదటి ఉతుకులో వదులై ముడతలు పడుతుంది.

బార్డర్ తీసేయండి. మంగళగిరి చీరకు జరీ అంచు ఉంటుంది, ఒంటికి గీసుకుంటుంది. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ ఉతికినప్పుడు ఒకేలా ముడుచుకోవు. నూలు అంచయినా సరే, మధ్య గుడ్డ కంటే గట్టిగా నేసి ఉంటుంది కాబట్టి అక్కడ బొంత లాగేసినట్టవుతుంది. చాలామంది అందం కోసం అంచును ఉంచేసి తర్వాత బాధపడతారు. మనసొప్పకపోతే అంచు విడిగా దాచుకోండి, చేతిసంచి పట్టీకి బాగుంటుంది.

రంగు పరీక్ష మానకండి. తెల్లటి గుడ్డ తడిపి చీర మీద గట్టిగా రుద్దండి. ఎరుపు, నలుపు, ముదురు నీలం మీద తప్పకుండా. రంగు అంటితే విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు కానీ వదిలే రంగును ఉప్పు ఆపలేదు. నాలుగైదు ఉతుకుల తర్వాత కూడా రంగు పోతుంటే ఆ చీర ఈ పనికి కాదు.

2. గట్టి భాగం, బలహీన భాగం తేల్చుకోవడం

చీరను వెలుతురుకు ఎత్తి పట్టండి. కుచ్చిళ్ళ కింద, మడమ తగిలే చోట, కూర్చునే చోట జల్లెడలా కనిపిస్తుంది. అనుమానమున్న చోట రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి ఇటూ అటూ లాగండి. పోగులు ఎడమయినా తెగకపోతే లోపలి పొరకు వాడొచ్చు. పరపరా చిరిగిపోతే ఎక్కడా వాడకండి. "లోపలేగా, ఎవరు చూస్తారు" అని పెట్టిన చివికిన గుడ్డే రెండు ఉతుకుల్లో ఉండలు కడుతుంది.

ఆరింటిలో గట్టి ముక్కలు రెండు పైకీ కిందికీ, కాస్త నలిగినవి రెండు మధ్యకు. మంచి ముక్కలు తక్కువ పడితే మధ్యలో పాత పంచె వేయండి. కట్టి కట్టి మెత్తబడిన పంచెను మించిన లోపలి పొర లేదు.

3. ముక్కలు తీయడం

కత్తెరతో పొడవునా కత్తిరించొద్దు, వంకర పోతుంది. అంచులో అంగుళం గాటు పెట్టి చేత్తో చింపండి. పోగు వెంటే చిరుగుతుంది కాబట్టి తిన్నగా వస్తుంది. గుడ్డ మరీ నలిగి ఉంటే చింపుడు దారి తప్పుతుంది. అప్పుడు గాటు దగ్గర ఒక్క పేక పోగును (చీర వెడల్పునా అడ్డంగా పోయే పోగు) సూదిమొనతో లేపి, గోళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. ఆ పోగు ఉన్న చోట గుడ్డలో సన్నటి గీత పడుతుంది. ఆ గీత మీద కత్తిరించండి. పోగు మధ్యలో తెగితే, తెగిన దాకా కత్తిరించి అక్కడినుంచి మళ్ళీ లేపాలి.

బార్డర్ పోగా ఒక్కో ముక్క సుమారు 36×41 అంగుళాలు వస్తుంది. కింది పొరగా వేసే ముక్కను అలాగే ఉంచండి. మిగతా మూడింటిని నాలుగు వైపులా అంగుళం చొప్పున తగ్గించి 34×39 చేయండి. కింది పొరలో మిగిలే ఆ అంగుళమే తర్వాత అంచు అవుతుంది.

ప్రతి ముక్క మీదా ఒక మూల చాక్‌తో బాణం గుర్తు పెట్టండి, చీర పొడవు ఎటు ఉందో తెలిసేలా. పడుగూ (పొడవునా పోయే పోగులు) పేకా ఒకేలా సాగవు. నాలుగు పొరల్లోనూ పడుగు ఒకే వైపు ఉండాలి. ఒక్క పొర అడ్డం తిరిగినా ఉతికాక బొంత మెలి పడుతుంది.

అన్నీ ఇస్త్రీ చేయండి. ఈ ఒక్కసారికి బద్ధకించకండి.

4. పరవడం

ఫ్యాన్ ఆపండి. నేల తుడిచి ఆరనివ్వండి.

కింది పొరను, బయటికి కనిపించాల్సిన వైపు నేలకేసి పరవండి. ముందు పైఅంచు మధ్యలో టేపు వేసి, దానికి ఎదురుగా కింది అంచు మధ్యలో వేయండి. తర్వాత కుడి, ఎడమ. చివర్లో మూలలు. గుడ్డ సాపుగా ఉండాలి, సాగదీసి ఉండకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది, పై పొరలు మాత్రం అలాగే ఉంటాయి. ఉబ్బు పుట్టేది అక్కడే.

రెండో పొరను నాలుగు వైపులా అంగుళం వదిలి మధ్యలో పెట్టండి. అరచేతులు రెండూ మధ్యలో ఆనించి బయటికి నిమరండి. లాగొద్దు, నిమరాలి. మూడోదీ నాలుగోదీ అంతే. ప్రతి పొర తర్వాతా కళ్ళు నేలకు దగ్గరగా పెట్టి పక్కనుంచి చూడండి. పైనుంచి కనిపించని గాలి ఉబ్బు పక్కనుంచి కనిపిస్తుంది.

నేల మీద కూర్చోలేనివాళ్ళు డైనింగ్ టేబుల్ మీద పరవొచ్చు. ఇంత చిన్న బొంతకు చాలు.

5. టాకాలు

మధ్యనుంచి మొదలుపెట్టి బెత్తెడుకో పిన్నీసు పెట్టండి. పెట్టే ముందు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి, చివర్లో పనికొస్తుంది. తర్వాత మెషీన్ దారంతో రెండంగుళాల పొడవు టాకాలు వేయండి. ముందు మధ్యలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఆ కూడలినుంచి నాలుగు వైపులకూ బెత్తెడు ఎడంలో వరుసలు. సూది దించేటప్పుడు రెండో చెయ్యి గుడ్డ కిందికి పెట్టి ఎత్తకండి. సూదిమొన నేలకు తగిలి చప్పుడైతే నాలుగు పొరలూ అందినట్టే.

"పిన్నీసులు ఉన్నాయి కదా, టాకాలు ఎందుకు?" అని తరచూ అడుగుతారు. పిన్నీసు ఒక్క చోటనే పట్టుకుంటుంది. రెండు పిన్నీసుల మధ్య గుడ్డ సూది ముందు అలా అలా జరిగి, వరుస చివరికి వచ్చేసరికి అరంగుళం పోగవుతుంది. టాకాల వరుస ఆ జరుగుడును ఆపుతుంది. ఈ పనికి గంట, గంటన్నర పడుతుంది. కుట్టు విప్పడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

టేపు పీకి బొంతను రెండు మూలలు పట్టి ఎత్తండి. కింది పొర సంచిలా వేలాడితే అది వదులుగా ఉన్నట్టు. ఆ భాగంలో టాకాలు విప్పి మళ్ళీ పరవాలి. ఇప్పుడైతే సులువు.

6. కుట్టడం

ముందు మిగిలిన గుడ్డలో జానెడు ముక్కలు నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టి కుట్టి చూడండి. చెయ్యి కుదురుతుంది, వంటింటికి మసిగుడ్డ కూడా వస్తుంది. లోపల పంచె, చీర తప్ప పాలిస్టర్ ముక్క కలపకండి, వేడి గిన్నెకు తగిలితే కరుగుతుంది.

బొంత మీద అంగుళం ఎడంలో నిలువు గీతలు చాక్‌తో గీయండి. నారాయణపేట లాంటి గళ్ళ చీర అయితే గీతలతో పనే లేదు, గడి అంచు వెంట కుట్టుకుంటూ పోవచ్చు. మొదటి బొంతకు గళ్ళో చారలో ఉన్న చీర ఎంచుకోవడమే తెలివి.

దారం మూర పొడవు మించి తీసుకోకండి. పొడుగు దారంతో పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ చిక్కులు పడుతుంది, గుడ్డలోంచి లాగి లాగి పోగు రేగుతుంది. ఆరు పోగుల్లోంచి మూడింటిని ఒక్కొక్కటిగా విడదీసి, మళ్ళీ జత చేయండి. మూడూ కలిపి ఒకేసారి లాగితే చిక్కే.

మధ్య వరుసతో మొదలుపెట్టండి. అది అయ్యాక దానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. ఇలా అంచుల వైపు వెళ్ళాలి. ఎక్కడైనా చిన్న వదులుంటే బయటికి తోసుకుపోతుంది. ఉత్తర కర్ణాటకలో సిద్దీ తెగ స్త్రీలు కుట్టే బొంతల్లో అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. వాళ్ళు పై ముక్కలను కుట్టుకుంటూనే పేరుస్తారు కాబట్టి వాళ్ళకు అది నప్పుతుంది. మనం ముందే అన్నీ పరిచేశాం కాబట్టి మనకు మధ్యనుంచే.

కుట్టు మామూలు రన్నింగ్ కుట్టే. ఒక్కో కుట్టు బియ్యపు గింజంత, మధ్య ఖాళీ కూడా అంతే. ఎడమచేతి చూపుడువేలు కింద పెట్టి, సూదిమొన వేలికి తగిలీ తగలకుండా పైకి తిప్పండి. తగలకపోతే కింది పొర అందలేదని అర్థం. మూడు కుట్లు సూది మీదికి ఎక్కించి ఒకేసారి లాగండి. ఐదారు ఎక్కిస్తే కింది కుట్లు చిన్నవైపోతాయి.

ఇక బిగువు. బెత్తెడు కుట్టాక ఆగి, బొటనవేలి కడుపుతో వరుస వెంట వెనక్కి నిమరండి. గుడ్డ కుచ్చు కట్టి ఉంటే సర్దుకుంటుంది. తర్వాత ఆ వరుసను రెండు చేతులతో పట్టి కొద్దిగా సాగదీయండి. దారం బిర్రుగా అడ్డుపడితే బిగువెక్కువ. ఉతుకులో అది తెగుతుంది. కుట్టు కింద గోరు దూరేంత వదులైతే పిల్లల వేళ్ళు చిక్కుకుంటాయి. గుడ్డ కొద్దిగా ముడత పడినట్టు కనిపించడం మాత్రం లోపం కాదు, బొంతకు ఆ రూపం వచ్చేదే దాంతో.

దారం మధ్యలో అయిపోతే కొత్త దారానికి చిన్న ముడి వేసి, కుట్టు మొదలవ్వాల్సిన చోటికి అంగుళం దూరంలో పై పొర కింద సూది దూర్చి, కావలసిన చోట పైకి తీయండి. మెల్లగా గుంజితే ముడి పుటుక్కున లోపలికి జారుతుంది. పాత గుడ్డ కాబట్టి గట్టిగా గుంజకండి, ముడి అవతలికి వచ్చేస్తుంది. వరుస చివరి ముళ్ళు అంచు దగ్గరే పడనివ్వండి, మడతలో దాగిపోతాయి.

రోజుకు మూడు నాలుగు వరుసలు చాలు. మెడ వంచి గంటలు గంటలు కూర్చుంటే చివరి వరుసలు చూడగానే తెలిసిపోతుంది.

*మెషీన్ మీద కుట్టాలనుకుంటే:* నాలుగు పొరలకు 14 నంబరు సూది, ఆరు పొరలైతే 16. కుట్టు పొడవు మీ మెషీన్‌లో ఉన్నంత పెద్దది పెట్టండి. పాదం ఒత్తిడి తగ్గించే మర ఉంటే తగ్గించండి. మెషీన్ కింది గుడ్డను ముందుకు లాగి పైదాన్ని వెనక వదిలేస్తుంది కాబట్టి టాకాలు ఇంకా దగ్గరగా, మూడు వేళ్ళ ఎడంలో వేయాలి. అన్ని వరుసలూ ఒకే వైపునుంచి కుట్టండి. ఒకటి పైనుంచి, పక్కది కిందినుంచి కుడితే రెండింటి మధ్య ఏటవాలు ముడతలు వస్తాయి.

7. అంచు

టాకాలు విప్పండి. లోపలి పొరలు ఎక్కడైనా కొద్దిగా బయటికి వచ్చి ఉంటే కత్తిరించి సమం చేయండి. కింది పొరలో మిగిలిన అంగుళాన్ని సగానికి లోపలికి మడిచి, ఇంకోసారి పై పొర మీదికి మడవండి. అరంగుళం పట్టీ వస్తుంది. పిన్నీసులు పెట్టి హెమ్మింగ్ చేయండి. ముందు ఎదురెదురు వైపులు రెండు, తర్వాత మిగతా రెండు.

మూలలో మడత మీద మడత పడి ముద్దవుతుంది. మడిచే ముందు కింది పొర మూల కొసను ఏటవాలుగా చిన్నగా కత్తిరించండి. ఎక్కువ కోస్తే రంధ్రం మిగులుతుంది, పావు అంగుళం చాలు. మూలల దగ్గర కుట్లు కాస్త దగ్గరగా వేయండి, బొంత మొదట చిరిగేది అక్కడే.

8. అయ్యాక చూసుకోవలసినవి

పిన్నీసులు, సూదులు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా బొంతను ఎవరికీ ఇవ్వకండి. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొంత అంతటా తిప్పండి, తర్వాత చేత్తో అంగుళం అంగుళం నొక్కి చూడండి.

వెనక్కి తిప్పి వరుసలన్నీ చూడండి. కుట్టు దాటిపోయిన చోటు రెండంగుళాల లోపైతే వదిలేయొచ్చు. అంతకంటే పొడుగైతే అక్కడ మళ్ళీ కుట్టండి. మొత్తం వరుస విప్పక్కర్లేదు, దాని పక్కనే సగం అంగుళం ఎడంలో ఇంకో వరుస వేస్తే సరిపోతుంది.

సగానికి మడిచి మూలలు కలుస్తున్నాయో లేదో చూడండి. అంగుళం లోపు తేడా సహజం. అంతకుమించితే ఏదో ఒక వైపు వరుసలు బిగుసుకున్నట్టు. తడిపి, మూలలు సరిచేసి నేల మీద సాపుగా ఆరేస్తే కొంత దారికొస్తుంది. మధ్యలో ఉబ్బు ఉంటే, ఆ చోట ఉన్న రెండు వరుసల మధ్య ఇంకో వరుస కుట్టి గుడ్డను పంచేయండి. అరచేతి కంటే పెద్ద ఉబ్బుకు ఈ చిట్కా పనిచేయదు. అక్కడ విప్పాల్సిందే.

ఒకసారి చల్లటి నీళ్ళలో ఉతకండి. బండకేసి బాదొద్దు, పిండి మెలిపెట్టొద్దు. వాషింగ్ మెషీన్ అయితే సున్నితంగా తిరిగే సెట్టింగ్. కుట్టేటప్పుడూ ఉతికినప్పుడూ కలిపి ఒకటి రెండు అంగుళాలు తగ్గుతుంది. రెండు వైపులా తిప్పి ఎండలో వేయండి. అంచులు ఆరినా మధ్యలో తడి ఉంటుంది, మడతపెట్టే ముందు అక్కడ చెంప ఆనించి చూడండి. వానాకాలంలో తడి మీద మడిస్తే ముక్క వాసన వచ్చేస్తుంది.

పసిపిల్లలకు వాడేవాళ్ళకు ఒక మాట. ఏడాది లోపు పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఇలాంటిది పైన కప్పకండి, ముఖం మీదికి జరిగితే ఊపిరి అందదు. కింద సాపుగా, ముడతలు లేకుండా పరవడానికే.

పెద్దది కుట్టాలంటే

ఒంటి మంచానికి రెండు చీరలు. ఒక్కో చీరలో 72 అంగుళాల ముక్కలు మూడు వస్తాయి, మొత్తం ఆరు. మొదటిసారి నాలుగే వేయండి. ఆరు పొరల్లో చేతిసూది దూరడం వేళ్ళకు శిక్షే, ఆరడం కూడా ఆలస్యం. దారం ఇక్కడ లచ్ఛుల్లో కొంటే ఖర్చు పెరుగుతుంది, సన్నటి క్రోషే దారం ఉండ తీసుకోండి. వరుసల ఎడం అంగుళంన్నర దాకా పెంచొచ్చు. అంతకు మించితే లోపలి పొరలు కదులుతాయి.

వాడకంలో పై పొర ఎక్కడైనా చిరిగితే విప్పకండి. మొదట్లో మిగిలిన రెండు ముక్కల్లోంచి చిరుగు కంటే రెండు వేళ్ళు పెద్దగా అతుకు కత్తిరించి, అంచులు లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి. తర్వాత పాత వరుసల మీదుగానే రన్నింగ్ కుట్టు వేయండి. అతుకుతో పాటు కింది పొరలు కూడా మళ్ళీ పట్టుకుంటాయి.